ఆబోల్ తాబోల్ కవి సుకుమార్ రాయ్
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక కార్యాలయములో పెద్దబాబు ఒకరుండిరి. పరమశాంతులు. ఒకనాడు కుర్చీలో కునుకుచు హఠాత్తుగా లేచి, తమ మీసమును ఎవరో దొంగిలించిరని కేకలు వేసినారు. మీసము ముఖముననే యున్నది. అద్దము చూపినను, అది తమది కాదన్నారు. పైగా సిబ్బందికంతకు జరిమానా విధించినారు! మన కార్యాలయములలో ఇట్టివారు లేరని నేను ప్రమాణము చేయజాలను.

ఈ పెద్దబాబును సృష్టించినవారు వంగకవి, చిత్రకారులు సుకుమార్ రాయ్ గారు. వారు 1887లో కలకత్తాలో జన్మించినారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, 1911లో ముద్రణవిద్య నేర్చుటకు ఇంగ్లండు వెళ్లినారు. తండ్రి ఉపేంద్రకిశోర్ గారు 1913లో బాలల కొరకు స్థాపించిన 'సందేశ్' పత్రికను, 1915లో ఆయన మరణానంతరము తామే నడిపినారు. పద్యములు వారివే, బొమ్మలును వారివే.

1921లో కుమారుడు జన్మించినాడు. ఆ యేడే తండ్రిని కాలా అజార్ జ్వరము పట్టినది. ఆ వ్యాధికి కలకత్తాలోనే ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి గారు యూరియా స్టిబమైన్ అను మందును కనుగొన్నారు గాని, అది అందరికి అందు కాలమింకను రాలేదు. దాదాపు రెండున్నర సంవత్సరములు మంచమున పడియుండియు సుకుమార్ గారు పద్యములు కూర్చినారు, బొమ్మలు గీసినారు, 'ఆబోల్ తాబోల్' గ్రంథమునకు ముఖచిత్రమును సిద్ధము చేసినారు. 1923 సెప్టెంబరు 10వ తేదీన, 35 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు. గ్రంథము 19వ తేదీన వెలువడినది. తొమ్మిది దినముల యెడము!

అర్థము లేని పద్యములకు ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. మన అమ్మమ్మలు పసివారిని కాళ్లపై నూపుచు పాడిన పాటలకు అర్థమేమని ఎవరడిగినారు? బిడ్డ నవ్వినదా లేదా యనునదే అచట ప్రశ్న. మృత్యువు గుమ్మమున నిలిచియుండగా ఆ మహనీయుడు పరుల బిడ్డలను నవ్వించు పనిని పూర్తిచేసి వెళ్లినాడు. మనమో, ఆరోగ్యముగా నుండియు, కార్యాలయపు చిటపటలను సాయంకాలము ఇంటికి మోసికొనిపోవుచున్నాము.

తండ్రి పోవునాటికి రెండేండ్లవాడైన ఆ కుమారుడే సత్యజిత్ రాయ్. ముఖమైనను సరిగా గుర్తులేని ఆ తండ్రిపై ఆయన 1987లో ఒక చిత్రమును నిర్మించినారు. తండ్రి తనకు మిగిల్చిన నవ్వును లోకమునకు చూపినారు.

ఈ రాత్రి ఇంటికి పోయి, మీ పిల్లలకు ఆ మీసముల పెద్దబాబు కథ చెప్పుడు. జరిమానా మాత్రము విధింపకుడు. సెలవు.