యాభై ఏళ్ల విమానం కొన్నాక మొదట ఏం మార్చాలి? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

రఘునాథపల్లి నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో రైలు చప్పుడు వినిపిస్తే కొంచెం సర్దుకోండి. కాజీపేట లైను పక్కనే ఉంటే మైకు ఏం చేస్తుంది పాపం.

ఇవాళ్టి టాపిక్ ఒక మెయిల్ నుంచి వచ్చింది. రాసినాయన మన జనగామ వైపు అన్న, డాలస్ దగ్గర ఐటీ జాబ్. అక్కడే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకుని, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి 1974 మోడల్ సెస్నా 172 కొన్నాడు. నాలుగు సీట్లు, ఒకే ఇంజిన్. మెయిల్‌లో ఏమన్నాడంటే: "తమ్మీ, ఎగరడానికి మంచిగనే ఉంది. ముందు ప్యానెల్ మాత్రం పాత అంబాసిడర్ లెక్క ఉంది. ఉన్న పైసలతో పెద్ద టచ్ స్క్రీన్లు పెట్టిద్దామని ఫ్రెండ్స్ అంటున్నరు. ఎండాకాలం సెలవుల్ల పిల్లలిద్దర్ని వెనక కూసోబెట్టి తిప్పాలె. సేఫ్టీకి ముందుగాల ఏం చెయ్యాలె?"

ఒకటి క్లియర్‌గా చెప్తా. నేను పైలట్‌ని కాదు, మెకానిక్‌ని కాదు. ప్రమాదాల రిపోర్టులు చదివే అలవాటున్న సాఫ్ట్‌వేర్ వాడిని. ఫైనల్ మాట మీ విమానం కవర్లు విప్పి చూసే మెకానిక్‌దే. నేను చెప్పేది వరస మాత్రమే. ఏది ముందు, ఏది తర్వాత.

"మాకు బైకు ఈఎంఐ కట్టడానికే లేదు, విమానం గోల ఎందుకు భయ్యా" అని కామెంట్ పెట్టేవాళ్లు ఆగండి. చిన్న విమానం మనకు అంత దూరం ఏం కాదు. మామునూరు రన్‌వే నిజాం కాలంది, దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఓకే చెప్పింది. మన దగ్గర ఫ్లయింగ్ స్కూళ్లలో పిల్లలు నేర్చుకున్న సెస్నా 152 ఉంది కదా, దాని తయారీ 1985లోనే ఆగిపోయింది. అంటే ఇవాళ ఎగిరే ఏ 152కైనా తక్కువలో తక్కువ నలభై ఏళ్లు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలి, ట్రైనీ పైలట్ ప్రాణం తీసింది ఒక 152యే. 2004 ఏప్రిల్ 17న సౌందర్య గారు బెంగళూరు జక్కూరులో ఎక్కింది సెస్నా 180. కరీంనగర్ ప్రచారానికి రావాల్సిన విమానం అది, ఎగిరిన కాసేపటికే కూలింది. వీటికి కారణం పాతదనమే అని నేను అనట్లేదు. చిన్న విమానాల లోకంలో పాతది అనేది మామూలు విషయం అని చెప్తున్నా, అంతే.

ఇక అసలు విషయం. పాత విమానం కొన్నవాళ్ల చెయ్యి మొదట స్క్రీన్ మీదికి పోతుంది. ఎందుకంటే స్క్రీన్ కనిపిస్తుంది, ఫొటో బాగా వస్తుంది. మనం పాత కోడ్‌బేస్ తీసుకున్నప్పుడు బ్యాకెండ్ ముట్టకుండా యూఐ మార్చినట్టే. నేనడిగే ప్రశ్న వేరే: ఈ విమానంలో మనిషి దేనివల్ల చనిపోవచ్చు? దానికి జవాబు దొరికిన వరసలోనే పైసలు పెట్టండి.

ఫస్ట్, ఖర్చు దాదాపు లేని పని. లాగ్‌బుక్కులు. విమానం లాగ్‌బుక్ అంటే గిట్ హిస్టరీ అనుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. అమెరికాలో ఎఫ్ఏఏ అనే సంస్థ ఫలానా మోడల్‌లో ఫలానా లోపం దొరికింది, ఇంత టైములో సరిచేయాలి అని ఆర్డర్లు ఇస్తుంది. వాటిని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు అంటారు. అన్న చేయాల్సింది, తన సీరియల్ నంబరుకు వర్తించే డైరెక్టివ్‌ల లిస్టు తీసి, ఒక్కొక్కటి లాగ్‌బుక్‌లో టిక్ పెట్టుకోవడం. టిక్ పడనిది ఉంటే మిగతా షాపింగ్ అంతా బంద్, ముందు అదే.

సెకండ్, బెల్టు. ఇది వినగానే చాలామందికి బోర్. కానీ పిల్లల మాట ఉంది కాబట్టి జాగ్రత్తగా వినండి. అమెరికా రూల్ ప్రకారం చిన్న విమానాల్లో ముందు సీట్లకు భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి అయింది 1978 జులై 18 తర్వాత తయారైన వాటికే. అన్ని సీట్లకు తప్పనిసరి అయింది 1986 డిసెంబరు 12 తర్వాత. 1974 మోడల్ ఈ రెండిటికీ ముందుది. అంటే వెనక సీట్లో పిల్లలకు నడుం బెల్టు మాత్రమే ఉండే ఛాన్స్ ఎక్కువ. నడుం బెల్టుతో ఏమైతది? విమానం పొలంలో గట్టిగా దిగితే నడుం ఆగుతుంది, తల ఆగదు. ఎదురు సీటుకు పోయి కొట్టుకుంటుంది. భుజం బెల్టు వాడితే తీవ్ర గాయాలు 88 శాతం, మరణాలు 20 శాతం తగ్గొచ్చని ఎఫ్ఏఏ పత్రాల్లోనే ఉంది. ఇంజిన్ ఆగినా, పైలట్ తప్పు చేసినా, వాతావరణం దెబ్బ కొట్టినా, చివరికి మనిషిని పట్టుకునేది ఇదొక్కటే. పాత సెస్నాలకు సరిపోయే ఆమోదించిన బెల్టు కిట్లు దొరుకుతాయి. స్క్రీన్ల ఖర్చుతో పోలిస్తే వీటి ఖర్చు చిన్నది.

థర్డ్, సీటు పట్టాలు. ఇది సెస్నాలకు ప్రత్యేకం. ముందు సీటు పట్టాల మీద జరుగుతుంది, పట్టాలో రంధ్రాలుంటాయి, సీటు పిన్ను అందులో దిగి లాక్ అవుతుంది. ఏళ్ల తరబడి వాడితే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, పిన్ను సరిగ్గా కూర్చోదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు ఒక్కసారిగా వెనక్కి జారిందనుకోండి. పైలట్ చేతిలో ఏముంది? కంట్రోల్ యోక్. పడిపోతున్న మనిషి పట్టుకున్నదాన్ని లాగుతాడు, అది సహజం. ముక్కు ఇంకా పైకి లేస్తుంది, రెక్కలకు లిఫ్ట్ పోతుంది, కింద ఎత్తు లేదు. 1989లో ఫ్లోరిడాలో కూలిన ఒక సెస్నా 185 గురించి ఇదే వాదన కోర్టుకెళ్లింది. 2001లో జ్యూరీ 48 కోట్ల డాలర్ల పరిహారం చెప్పింది. ఈ పట్టాలను క్రమం తప్పకుండా కొలవాలని డైరెక్టివ్ కూడా ఉంది. సీటు జారినా ఆపే రెండో స్టాప్ పైలట్ సీటుకు కంపెనీయే ఫ్రీగా ఇచ్చింది. అన్నా, మీ విమానంలో అది వేశారో లేదో ఇవాళే లాగ్‌బుక్ చూడండి.

ఫోర్త్, కార్బన్ మోనాక్సైడ్. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేవని వార్తలు మనం చదివినవే. చిన్న విమానంలో హీటర్ ఎలా పనిచేస్తుందో తెలుసా? ఇంజిన్ పొగ పోయే మఫ్లర్ చుట్టూ రేకు తొడుగు ఉంటుంది, ఆ సందులో గాలి వేడెక్కి లోపలికి వస్తుంది. మఫ్లర్‌కు పగులు వచ్చిందంటే గాలితో పాటు పొగ కూడా లోపలికే. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి వస్తే అలసట అనుకుంటారు. 2019 జనవరిలో ఫుట్‌బాలర్ ఎమిలియానో సాలాను తీసుకెళ్తున్న విమానం ఇంగ్లిష్ ఛానెల్‌లో పడింది. 1984లో తయారైన పైపర్ మాలిబు. ఆయన రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ 58 శాతం ఉందని పరీక్షలో తేలింది. అమెరికా ప్రమాదాల దర్యాప్తు బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2022లో చెప్పిన లెక్క ఇంకా బాధ. 1982 నుంచి 2020 వరకు ఈ విషవాయువు వల్ల 31 ప్రమాదాలు, 42 మంది మృతి. ఆ విమానాల్లో డిటెక్టర్ ఉన్నది ఒక్కదానిలోనే. రంగు మారే అట్టముక్క అంటిస్తారు చూడండి, దాన్ని నమ్ముకోకండి. అది కొన్నాళ్లకే పనికిరాకుండా పోతుంది, పైగా చూస్తేనే తెలుస్తుంది. చెవిలో అరిచే ఎలక్ట్రానిక్ డిటెక్టర్ కొనండి. వెంట తీసుకెళ్లే రకానికి ఎవరి సంతకం అక్కర్లేదు. ఈ లిస్టులో ఇవాళ ఆర్డర్ పెట్టి ఈ వారమే వాడగలిగేది ఇదే.

ఫిఫ్త్, ఈఎల్‌టీ. విమానం కూలితే తనంతట తానే సిగ్నల్ పంపే పెట్టె. పాత విమానాల్లో ఇప్పటికీ 121.5 మెగాహెర్ట్జ్‌వి కనిపిస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1నే ఆపేశాయి. పెట్టె మొత్తుకుంటుంది, పైన వినేవాళ్లు లేరు. 406 మెగాహెర్ట్జ్‌ది అయితే ఇది ఎవరి విమానమో కూడా చెప్తుంది, జీపీఎస్ కలిపితే స్థలం కూడా. అదే ఏడాది సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ కోసం ఎంత పెద్ద గాలింపు జరిగిందో మనకు గుర్తే. ఆచూకీ మర్నాడు ఉదయం దొరికింది. ఆ ప్రమాదం కథ వేరు. కానీ అడవిలో పడ్డదాన్ని వెతకడం ప్రభుత్వానికే ఎంత కష్టమో ఆ రాత్రి అందరం చూశాం. ముగ్గురు ఫ్రెండ్స్ కొన్న సెస్నా కోసం అంత సైన్యం రాదు. కాబట్టి పెట్టె మార్చండి. మార్చాక రిజిస్టర్ చేయడం మర్చిపోకండి.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, ప్యానెల్ దగ్గరికి వద్దాం. స్క్రీన్ వద్దని నేను అనట్లేదు. పాత 172లో రెక్కలు సమంగా ఉన్నాయో చూపే హొరైజన్ మీటర్ వ్యాక్యూమ్ పంపుతో తిరుగుతుంది. పంపు లోపల గ్రాఫైట్ రేకులుంటాయి, అవి చెప్పకుండా విరుగుతాయి. పంపు ఆగగానే మీటర్ ఆగిపోదు, మెల్లమెల్లగా ఒరిగి అబద్ధం చెప్తుంది. మబ్బులో ఉన్న పైలట్ దాన్ని నమ్మితే అంతే సంగతులు. బ్యాటరీ బ్యాకప్ ఉన్న ఒక చిన్న ఎలక్ట్రానిక్ మీటర్ పెడితే ఆ ఒక్క గండం పోతుంది. పాత విమానాలకు ఇది పెట్టుకోవడాన్ని ఎఫ్ఏఏ కొన్నేళ్లుగా సులభం చేసింది. పైసలు మిగిలితే యాంగిల్ ఆఫ్ అటాక్ మీటర్. రెక్క లిఫ్ట్ కోల్పోయేది స్పీడు తగ్గితేనే కాదు, గాలికి రెక్క కోణం మించితే. ఆ కోణం ఎంత దగ్గరలో ఉందో ఇది చూపిస్తుంది. గోడంత టచ్ స్క్రీన్ ఆ తర్వాత.

పార్ట్స్‌తో పనిలేని రెండు విషయాలు. ఒకటి పెట్రోలు. పాత ట్యాంకు మూతల రబ్బరు గట్టిపడితే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఎగిరే ముందు ప్రతిసారీ కిందినుంచి కొంచెం తీసి నీళ్లున్నాయా చూడాలి. గేజ్‌ను నమ్మకుండా నిచ్చెన ఎక్కి, కొలత గీతలున్న కర్రతో చూసుకోవాలి. రిజర్వులో పడ్డ బైకు ట్యాంకును ఊపి చూసినట్టే, కాకపోతే ఇక్కడ బండి రోడ్డు పక్కన ఆగదు. రెండోది స్పీడ్ మీటర్. ఆ కాలం సెస్నాల్లో స్పీడు ప్రధానంగా మైళ్లలో ఉంటుంది. కొత్త విమానాల మీద నేర్చుకున్నవాళ్లకు నాట్స్ అలవాటు. ముల్లు 65 మీద ఉంది కదా అని ధైర్యంగా ల్యాండింగ్‌కు వస్తే నిజానికి ఉన్నది దాదాపు 56 నాట్లే. అందుకే ఈ విమానం మీదనే ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు ఎగరాలి. ముగ్గురు ఓనర్లూ ఎగరాలి, ఒక్కరు ఎగిరి మిగతా ఇద్దరికి చెప్పడం కాదు.

అన్నా, ఇదీ నా వరస: లాగ్‌బుక్, బెల్టులు, సీటు పట్టాలు, డిటెక్టర్, ఈఎల్‌టీ, హొరైజన్ మీటర్, ఇన్‌స్ట్రక్టర్ గంటలు. ఫ్రెండ్స్ స్క్రీనే ముందు అంటే, వాళ్ల పిల్లల్ని కూడా వెనక సీట్లో ఊహించుకోమని చెప్పండి. వెనక భుజం బెల్టులు పడేదాకా మీ పిల్లలకు ఆ విమానం నేల మీదనే చూపించండి. సెలవులు మళ్లీ వస్తాయి.

డైరెక్టివ్‌లు ఎలా వెతకాలో స్క్రీన్ రికార్డింగ్‌తో ఇంకో ఎపిసోడ్ చేయమంటే కామెంట్‌లో రాయండి. మెకానిక్‌లు, పైలట్లు ఎవరైనా చూస్తుంటే, ఈ వరసలో మీరు ఏది పైకి జరుపుతారో, ఎందుకో చెప్పండి. బాగున్న కామెంట్లను వచ్చే ఎపిసోడ్ మొదట్లో చదువుతాను. ఉంటాను మరి, నమస్తే.