రక్తం తక్కువైందంటే కారణం ఒక్కటేనా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఎవరికైనా మొహం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తే ‘కమ్‌జోరీ’ అంటాం. ఖర్జూరాలు పెడతాం, ఇనుము మాత్రలు తెస్తాం. చాలామందికి అది సరిపోతుంది కూడా. కానీ మాత్రలు సరిగా వేసుకున్నా నెలరోజులకు రక్తం పెరగలేదంటే ఆగి ఆలోచించాలి.

నల్లీ ఎముకలోని మూలుగ మనందరికీ తెలిసిందే. మన ఒంట్లో రక్తకణాలు తయారయ్యేది మూలుగలోనే. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు మూడూ అక్కడివే. ఇనుము తక్కువైతే ముఖ్యంగా ఎర్రకణాలే దెబ్బతింటాయి. మూలుగే చెడితే మూడూ తగ్గవచ్చు. అందుకని నీరసంతోపాటు మాటిమాటికీ జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే టానిక్కులతో కాలయాపన చేయరాదు.

చిక్కెక్కడంటే, ఒక జబ్బు ఇంకొక జబ్బులా కనిపిస్తుంది. మూలుగ ఎండిపోతే ఎప్లాస్టిక్ ఎనీమియా. 1888లో పాల్ ఎర్లిక్ దీన్ని మొదట వర్ణించాడు. మూలుగ నిండుగా ఉన్నా కణాలు సరిగా ఎదగక నశించిపోతే ఎమ్‌డిఎస్. ఇది వయసు మళ్లినవారిలో ఎక్కువ. బి12 విటమిన్ లోపంలోనూ అచ్చం అలాగే మూడు రకాలూ తగ్గవచ్చు. కానీ అది ఇంజక్షన్లతో నయమయ్యేది! కనుక పెద్ద జబ్బని బెంబేలుపడేముందు బి12, ఫోలిక్ యాసిడ్ పరీక్షలు జరగాలి. వాడే మందులన్నీ, కుష్తాలతో సహా, డాక్టరుకు చెప్పాలి. సీసం ఒంట్లో చేరినా రక్తం తగ్గుతుంది.

కాబట్టి హిమోగ్లోబిన్ ఒక్కటే కాక, మూడు కణాల లెక్క, రెటిక్యులోసైట్ లెక్క, గాజుపలక మీద స్మియర్ పరీక్ష కూడా చేయించుకుందాం. డాక్టరు మూలుగ పరీక్ష కావాలంటే, ‘వెన్నుపాములోంచి తీస్తారట, కాళ్లు పడిపోతాయట’ అని పారిపోవద్దు. అక్కడ మత్తు ఇచ్చి, తుంటి ఎముక వెనుకభాగం నుంచి కొంచెం తీస్తారు. పెళ్లి కావలసిన పిల్ల అని జబ్బు దాచడం ఆ పిల్లకే ద్రోహం.

ఇంకొక్క మాట. రక్తం ఎక్కించాలనగానే సొంత అన్నదమ్ములే చెయ్యి చాపుతారు. మూలుగ జబ్బు అనుమానం ఉన్నప్పుడు డాక్టరును అడగకుండా ఆ పని చేయకూడదు. రేపు మూలుగ మార్పిడికి సరిపోయేది వాళ్లదే కావచ్చు. ముందే వాళ్ల రక్తం ఎక్కితే, ఆ మూలుగను ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం ఉంది. అక్కడే మన సంఘం యువకులు ముందుకు రావాలి. పరాయివాడి రక్తమే అప్పుడు మేలు చేస్తుంది.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. వస్సలాం.