ఆటస్థలములో పడిన బిడ్డ ఖర్చు ఎవరిది?

(శతాబ్ది ఉత్సవముల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మా కమిటీ నడుపు హైస్కూలులో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు కబడ్డీ ఆడుచు పడి మోచేతి ఎముక విరుగగొట్టుకొనెను. తండ్రి కూలి చేసుకొను మనిషి. "అయ్యా, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" అని ఆయన అడుగగా మేము ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. ఆయన సాయంత్రము వరకు మా జవాబుకొరకు కనిపెట్టి, బిడ్డను ప్రక్క ఊరిలో కట్టు కట్టువాని వద్దకు తీసికొనిపోయెను.

నాటు కట్టును మేము తక్కువ చేయుట లేదు. పుత్తూరు కట్టుతో ఎముకలతికిన వారు ఈ సభలోనే ఉందురు. అయితే పిల్లల మోచేయి వేరు. అక్కడ ముఖ్యమైన రక్తనాళము ఎముకకు దగ్గరగా పోవును. వాపుమీద కట్టు బిగిసినయెడల కొద్ది గంటలలోనే కండరములు చచ్చి వ్రేళ్లు ముడుచుకొనిపోవును. ఆ పిల్లవాని వ్రేళ్లు నేటికిని పూర్తిగా చాపబడవు.

తరువాత తెలిసినదేమనగా, ఆ యింటిలో ఆరోగ్యశ్రీ కార్డు ఉండెను! 2007లో మన రాష్ట్రములో మొదలైన ఆ పథకము క్రింద ఎముకల శస్త్రచికిత్సలనేకము నెట్‌వర్కు ఆసుపత్రులలో ఉచితముగా జరుగును. దారి చూపుటకు అక్కడ ఆరోగ్యమిత్ర ఉండును. కార్డున్నదా అని మాలో ఒక్కరమైనను అడుగలేదు.

బ్యాంకులోని ఇరువది రూపాయల బీమా ఉన్నది గదా అని కొందరనిరి. ప్రధానమంత్రి సురక్షా బీమా 18 ఏండ్లు నిండినవారికే. అదియు మరణమునకు, అంగవైకల్యమునకే గాని ఆసుపత్రి బిల్లుకు కాదు. విద్యార్థుల గ్రూపు బీమా తీసికొనువారు కూడ చికిత్స ఖర్చు ఇచ్చునా, పొరుగూరి పోటీలకు వర్తించునా అని పాలసీ చదివి చూడవలెను. మేము చదువక సంతకము చేయు జాతి!

న్యూజీలాండులో 1974 నుండి ఆటలో గాయపడినను తప్పెవరిదని విచారింపక ప్రభుత్వ నిధియే చికిత్స ఖర్చులో అధికభాగము భరించుచున్నది. మనకట్టి చట్టము లేదు. కార్డు చికిత్సకు పనికివచ్చినను తండ్రి పోగొట్టుకొను కూలి తిరిగి రాదు. అందుకొరకే చిన్న నిధి ప్రారంభించితిమి. ప్రధానోపాధ్యాయుని గదిలో ప్రతి బిడ్డ కార్డు నంబరు, దగ్గరి ఎముకల ఆసుపత్రి ఫోను వ్రాసియుంచితిమి. ముందు ఆసుపత్రికి, లెక్కలు తరువాత అని తీర్మానించితిమి. నిధి రశీదు పుస్తకములు కోశాధికారి వద్ద గలవు.