మన పాఠశాలలో విద్యార్థి సంఘములు
(తల్లిదండ్రుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



నేను ఈ పాఠశాలలో తెలుగు బోధించుచు, శనివారపు సాహితీ సంఘమును కూడ చూచుకొనుచున్నాను. ఈ యేడు తమ పిల్లలను ఆ సంఘమునకు పోవలదని ఆపిన తల్లిదండ్రులు కొందరు ఈ సభలోనే యున్నారు. వారిలో ఒకరు నన్ను సూటిగనే అడిగిరి: "సారూ, ఎస్సెస్సెల్సీలో సంఘానికి మార్కులున్నయా?" లేవు. ఆ మాట నేను కాదనను. అయినను నా మనవి కొంచెము వినవలెను.

ముందు నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె సంఘములో మొదటిసారి మాటాడుటకు లేచినది. తమ ఊరినుండి బడికి వచ్చుటను వర్ణించుచు "తోవ" అన్నది. వెనుక బల్లలవారు నవ్విరి. నేను నవ్వినవారిని మందలింపక, "తోవ కాదమ్మా, మార్గమనవలెను" అని ఆమెనే దిద్దితిని. ఆమె కూర్చున్నది. రెండు నెలలు మరల నోరు విప్పలేదు. ఆ రాత్రి నిఘంటువు తీసి చూచితిని. త్రోవ అచ్చమైన తెలుగు మాట. నేను గొప్పగా అందించిన మార్గమే సంస్కృతమునుండి వచ్చినది. దిద్దవలసినది ఆమెను కాదు.

మన బీదరు ఇండ్లలోని తెలుగు పాఠ్యపుస్తకములోని తెలుగు కాదు. అందులో కన్నడమున్నది, ఉర్దూ ఉన్నది, మరాఠీ యున్నది. 1956 నవంబరు 1వ తేదీవరకు మనది హైదరాబాదు రాష్ట్రము. ఆనాడు మన జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఉద్గీరు ప్రాంతము బొంబాయి రాష్ట్రమునకు పోయినది. మిగిలిన మనము మైసూరు రాష్ట్రములో చేరితిమి. పటములో గీతలు మారినవి గాని వంటయింటిలో మాట మారలేదు.

మాటను చూచి నవ్వుట చిన్న సంగతి యని మీరనుకొనవచ్చును. 1921 నవంబరులో హైదరాబాదులో ధోండో కేశవ కర్వేగారి అధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగినది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసములను సభ ఓపికగా విన్నది. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ఆరంభింపగానే కేకలు, చప్పట్లు, అల్లరి. ఆ అవమానమునకు నొచ్చిన కొలదిమంది ఆ రాత్రియే కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసిన కాలమది. ఆ చిన్న సంఘమునుండియే ఊరూర గ్రంథాలయములకు ఊపు వచ్చినది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినది. ఆ ఉద్యమమును నడిపిన మాడపాటి హనుమంతరావుగారే 1928లో హైదరాబాదున తెలుగు మాధ్యమముగా బాలికల పాఠశాలను నెలకొల్పిరి. తెలుగు మాధ్యమమును ఉస్మానియా విశ్వవిద్యాలయము గుర్తింపకపోగా, పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కలుపుకొనవలసి వచ్చినది. తెలుగుకు అవమానము జరిగిన సభకు అధ్యక్షుడైన పెద్దమనిషియే తెలుగు బాలికల చదువునకు ఆశ్రయమైనాడు. ఈ ముచ్చటను పిల్లలకు చెప్పుట నాకు మిక్కిలి ఇష్టము.

ఇక మన సంఘములో జరుగునదేమి? పద్యములు చదువుదురు, కథలు చెప్పుదురు, గోడపత్రిక వ్రాయుదురు. మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసాను చూచివచ్చి, దానిని గురించి వ్రాసిన పిల్లలున్నారు. ఇవి మీకు తెలిసినవే. తెలియనిది మరొకటి యున్నది. కార్యదర్శి కార్యవివరణము చదువును. ఒకరు తీర్మానమును ప్రతిపాదింతురు, మరొకరు బలపరతురు, మూడవవాడు లేచి కూడదనును. పోయిన యేడు కోశాధికారి లెక్కలో ఎనిమిది రూపాయలు తక్కువ పడినవి. ఆ బాలుడు చెమటలు గ్రక్కుచు నిలిచి, చందా ఎంత, ఖర్చెంత, నిలువ ఎంత యని అందరియెదుట తెలుగున చెప్పవలసి వచ్చినది. (చందా, ఖర్చు పారసీకమునుండి వచ్చినవి, అవియు మనవే, నేనిప్పుడు దిద్దను.) గోడపత్రికకు కొన్న రంగుల పెట్టె చీటీ అతని చొక్కా జేబులోనే దొరికినది. ఇటువంటి సంకటములో మాతృభాషలో తన్ను తాను నిలువబెట్టుకొనుట ఏ పాఠములో నేర్పుదును? నా తరగతిలో నేను అడుగుదును, వారు బదులు చెప్పుదురు, అంతే. ఎదుటివాని మాటను కాదని, మరల అతనితోనే కలిసి ఇంటికి పోవుట సంఘములోనే అలవడును.

మన రాజ్యాంగపు 350ఎ అనుచ్ఛేదము మాతృభాషా బోధన సదుపాయమును గూర్చి చెప్పినది ప్రాథమిక దశకు మాత్రమే. 30వ అనుచ్ఛేదము పాఠశాల పెట్టుకొని నడుపుకొను హక్కు ఇచ్చినది. హక్కు కాగితముమీద భద్రముగా నున్నది. కాని ఉన్నత పాఠశాలలో తెలుగు ఒక పీరియడుగా మిగులునా, పిల్లల నోట మసలునా యనునది మన చేతిలోనిది. కన్నడము బాగుగా నేర్వవలెననుటలో నాకు సందేహము లేదు. మన వక్తలు కన్నడ వాదపోటీలకును పోవుచున్నారు. ఒక భాషలో సభకు వెరవనివాడు రెండవ భాషలోను వెరవడు.

మీ అభ్యంతరములలో ఒకటి న్యాయమైనది. శనివారము ఒంటిపూట బడి. సంఘము ముగియుసరికి ఊళ్లకు పోవు పిల్లలకు బస్సు తప్పుచున్నది. ఆడపిల్లల తల్లులు దీనికే భయపడుచున్నారు. ట్యూషను మాటకంటె ఇది నాకు బరువైన మాట. పిల్లలే దీనిని చర్చించి, సభను ముప్పావుగంటకు కుదించి, బస్సు వేళకు ముందే ముగింపవలెనని తీర్మానించిరి. దీనిని ప్రతిపాదించినది బస్సులో పోవు బాలుడు కాదు, పాఠశాల ప్రక్కింటివాడు.

ఆ తోవ బాలిక సంగతి అడుగుదురేమో. రెండు నెలల పిమ్మట వచ్చి, మాటాడనని, వ్రాసిపెట్టెదనని చెప్పినది. ఆ యేటి కార్యవివరణ పుస్తకము ఆమె దస్తూరీలోనే యున్నది; ఈ బల్లమీద పెట్టితిని, చూడవచ్చును. అందులో తోవ అని మూడుచోట్ల యున్నది. నేను కొట్టివేయలేదు.

వచ్చు శనివారము సభకు తల్లిదండ్రులను కూడ పిలువవలెనని పిల్లల కోరిక. వెనుక బల్లలు మీకు విడిచెదరు.