ఆల్బెర్టో స్పెన్సర్: రెండు దేశాల స్ట్రైకర్



పెలే, మారడోనాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఏటి స్మారకోపన్యాసానికి ఆల్బెర్టో స్పెన్సర్‌ను ఎంచుకున్నాను. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద పోటీ కోపా లిబర్టడోరెస్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే, 54. ఆయన ఆట మానేసి అర్ధశతాబ్దం దాటినా ఆ అంకె చెక్కుచెదరలేదు. అయినా మనలో చాలామందికి ఆ పేరు కొత్త. ఎందుకంటే ఆయన ప్రపంచ కప్ ఆడలేదు. నాలుగేళ్లకోసారి వచ్చే పండగను బట్టే ఆటగాణ్ణి తూచడం మనకు అలవాటైపోయింది. నాకైతే అది దొంగ తూకమే అనిపిస్తుంది.

స్పెన్సర్ 1937లో ఈక్వడార్‌లోని ఆంకోన్‌లో పుట్టాడు. బ్రిటిష్ కంపెనీ చమురు బావుల చుట్టూ వెలసిన ఊరది. తండ్రిది కరీబియన్ మూలం. గ్వయకిల్‌లో ఎవరెస్ట్ క్లబ్బుకు ఆడుతున్న కుర్రాణ్ణి 1960లో ఉరుగ్వే క్లబ్బు పెన్యరోల్ మాంటెవిడియోకు తీసుకుపోయింది. లిబర్టడోరెస్ మొదలైందీ ఆ ఏడాదే. తొలి మ్యాచ్‌లోనే పెన్యరోల్ బొలీవియా జట్టు విల్స్టర్‌మన్‌ను 7-1తో చిత్తు చేసింది. అందులో నాలుగు స్పెన్సర్‌వి. ఆ కప్పూ, మరుసటి ఏటి కప్పూ పెన్యరోల్‌కే దక్కాయి. గాల్లోకి లేచి తలతో గోల్ కొట్టడంలో ఆయనకున్న నేర్పు చూసి అభిమానులు ‘మాయ తల’ అని పిలుచుకున్నారు.

1966 ఫైనల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ప్రత్యర్థి అర్జెంటీనా జట్టు రివర్ ప్లేట్. చెరొకటి గెలిచాక నిర్ణాయక మ్యాచ్ సాంటియాగోలో పెట్టారు. విరామానికి రివర్ 2-0 ఆధిక్యంలో ఉంది. స్పెన్సర్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ అమదేయో కారిసో చేతులతో పట్టకుండా, వేళాకోళంగా ఛాతీతో ఆపాడనీ, అక్కడే పెన్యరోల్‌కు మండిందనీ చెప్పుకుంటారు. కారణం అదేనో కాదో గానీ, మొదటి గోల్ తిరిగి కొట్టింది స్పెన్సరే. అదనపు సమయంలో జట్టును ముందుకు తెచ్చిందీ ఆయనే. చివరికి 4-2. ఆ తర్వాత రివర్ మ్యాచ్‌లో ఎదుటి జట్టు అభిమానులు ఒక తెల్లకోడిని మైదానంలోకి వదిలారు. రివర్‌కు ‘కోళ్లు’ అన్న ఎగతాళి పేరు ఇప్పటికీ పోలేదు. అదే ఏడాది ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో పెన్యరోల్ రియల్ మాడ్రిడ్‌ను రెండుసార్లూ 2-0తో ఓడించింది. ఆ నాలుగింట్లో మూడు స్పెన్సర్‌వే.

ఇక దేశం మాట. ఆయన ఈక్వడార్‌కూ ఆడాడు, ఉరుగ్వేకూ ఆడాడు. 1964లో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద గోల్ కొట్టింది ఉరుగ్వే చొక్కా వేసుకునే. ఈక్వడార్ ప్రపంచ కప్‌కు తొలిసారి వెళ్లింది 2002లో. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

ఆటగాడిగా చివరి రోజుల్లో స్పెన్సర్ గ్వయకిల్‌కు తిరిగొచ్చి బార్సెలోనా క్లబ్బులో చేరాడు. 1971లో ఆ జట్టు లా ప్లాటా వెళ్లి, వరసగా మూడేళ్లు కప్పు గెలిచిన ఎస్టూడియంటెస్‌ను వాళ్ల మైదానంలోనే 1-0తో ఓడించింది. బంతి అందించింది స్పెన్సర్. గోల్ కొట్టింది హువాన్ మాన్యుయెల్ బసుర్కో అనే స్పెయిన్ ఫాదరీ, నిజంగానే చర్చిలో పూజలు చేసే మనిషి. ఈక్వడార్‌వాళ్లు నేటికీ మురిసిపోయే గోల్ అది, కానీ 54 లెక్కలో చేరదు.

తర్వాత ఆయన మాంటెవిడియోలో ఈక్వడార్ కాన్సుల్‌గా పనిచేశాడు. 2006లో అమెరికాలో కన్నుమూశాడు. గ్వయకిల్‌లోని మొదేలో స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే.