మచ్చకట్టే ఊపిరితిత్తులు, మొక్కల మందులు

ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు ఎంతో పలచన. ప్రాణవాయువు వాటిలోంచే నెత్తుటిలోకి చేరుతుంది. రాతిధూళి వల్లో, కొన్ని మందుల వల్లో, అంతుపట్టని కారణం వల్లో ఆ గోడలు దెబ్బతింటే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ నారను అల్లి గాయాన్ని పూడుస్తాయి. ఒంటిమీది గాయం మానగానే ఆ అల్లిక ఆగుతుంది. పల్మనరీ ఫైబ్రోసిస్‌లో ఆగదు. గోడలు మచ్చకట్టి, మందమై బిరుసెక్కుతాయి. పొడిదగ్గు పట్టుకుంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వీపు మీద స్టెతస్కోపు ఆనించి వింటే, ఊపిరి పీల్చినప్పుడల్లా వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చిటపటమంటుంది.

ఈ అల్లికను ఆపే పదార్థం కోసం మొక్కల్లో వెతకడం చైనాలో రాతిధూళి జబ్బు సిలికోసిస్‌తో ఊపందుకుంది. స్టెఫానియా టెట్రాండ్రా అనే తీగ వేరును అక్కడి సంప్రదాయ వైద్యులు వాపులకు, కీళ్లనొప్పులకు వాడేవారు. అందులోని టెట్రాండ్రిన్‌ను 1960ల నుంచి సిలికోసిస్ రోగుల్లో పరీక్షించారు.

ప్రయోగశాలలకు దారి చూపింది మాత్రం ఒక క్యాన్సర్ మందు. జపాన్ శాస్త్రవేత్త హమావో ఉమెజావా బృందం 1966లో వెల్లడించిన బ్లియోమైసిన్ కొందరు రోగుల ఊపిరితిత్తుల్లో మచ్చలు తెచ్చిపెట్టింది. దాన్ని ఎలుక శ్వాసనాళంలోకి ఎక్కిస్తే కొద్ది వారాల్లోనే అలాంటి మచ్చలే ఏర్పడతాయి. దీంతో మందులను పరీక్షించే సాధనం దొరికింది.

చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ఈ కథలోకి రావడం వింతేమీ కాదు. తోలులో ప్రధానంగా ఉండేది కొలాజెనే. పసుపులోని కర్క్యుమిన్ ఇస్తే బ్లియోమైసిన్ ఎక్కించిన ఎలుకల్లో వాపు, కొలాజెన్ పేరుకోవడం తగ్గాయని అక్కడి పరిశోధకులు 2000లో ప్రకటించారు.

అయితే ఎలుకకూ రోగికీ తేడా ఉంది. ఎలుకకు మందు తరచుగా గాయంతోపాటే అందుతుంది. పైగా దాని మచ్చ కొంతవరకు తనంతట తానే తగ్గుతుంది. రోగి మచ్చ ముదిరాక వస్తాడు. కర్క్యుమిన్‌కు ఇంకో చిక్కూ ఉంది: నోటితో తీసుకున్నది పేగుల్లో, కాలేయంలో మారిపోయి నెత్తుటికి చాలా కొద్దిగానే చేరుతుంది. అడవినాభి దుంపలో దొరికే కాల్చిసిన్ అనే పదార్థాన్ని 1990లలో రోగులకే ఇచ్చి చూశారు. జబ్బు ఆగలేదు.

2014 అక్టోబరులో అమెరికా కారణం తెలియని పల్మనరీ ఫైబ్రోసిస్‌కు పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులను ఆమోదించింది. రెండూ రసాయనశాలలో తయారైనవే. జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి, ఉన్న మచ్చను చెరపలేవు.

అందుకే వెతుకులాట ఆగలేదు. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌ను డాసాటినిబ్ అనే క్యాన్సర్ మందుతో కలిపి 14 మందికి ఇచ్చిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. నడక మెరుగుపడింది, ఊపిరితిత్తుల సామర్థ్యం మారలేదు. పోల్చి చూడటానికి మందు తీసుకోని బృందం అందులో లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు గ్రీన్ టీలోని ఈజీసీజీని, బయాప్సీ కోసం ఊపిరితిత్తి ముక్క తీయడానికి ముందు కనీసం రెండు వారాలపాటు, రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున రోగులకు ఇచ్చి, ఫలితాలను 2020లో ప్రకటించారు. మచ్చకట్టమని కణాలను పురమాయించే టీజీఎఫ్-బీటా జోరు ఆ ముక్కల్లో తగ్గి కనిపించింది.

కారణం తెలియని పల్మనరీ ఫైబ్రోసిస్‌కు మొక్కల పదార్థమేదీ ఇంకా ఆమోదిత చికిత్స కాలేదు. కూరలో వేసే పసుపు, కప్పులో తాగే టీ ఈ ప్రయోగాల మోతాదులతో సమానం కావు. గ్రీన్ టీ సారం మోతాదు మించితే కాలేయం దెబ్బతినవచ్చు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ రెండూ కాలేయంపై ప్రభావం చూపగలవు కాబట్టి, వాటిని వాడుతున్నవారు ఇలాంటి మొక్కల సారాల గుళికలను వైద్యుడికి చెప్పకుండా వేసుకోకూడదు.