మనవళ్ల గో-కార్టు, మట్టి రేసు బండి ఇంజను
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై మూడేళ్లు స్పానరు పట్టినవాణ్ణి కనుక నాకు కార్యదర్శిగారు వేరే పని అప్పగించారు. మన ఇళ్లలో చాలామంది మనవళ్లు ఇంజనీరింగ్ చదువుతున్నారు. వారిలో కొందరు జట్టుగా చేరి కాలేజీ పోటీలకు గో-కార్టు తయారుచేస్తామని, మట్టిలో పరుగెత్తే మోటారు సైకిలు ఇంజను దానికి బిగిస్తామని చెప్పి తాతగారి దగ్గర డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఏమి చూసుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత మనవి చేస్తాను.

ముందు గో-కార్టు అంటే ఏమిటో చూద్దాం. 1956లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో రేసు కార్లు కట్టే ఆర్ట్ ఇంగెల్స్ అనే పనివాడు ఇనుప గొట్టాలతో చిన్న చట్రం చేసి, గడ్డి కోసే యంత్రం ఇంజను దానికి పెట్టి నడిపాడు. పనికిరాక పడివున్న ఇంజనుతో మొదలైన ఆ ఆట నుంచే పెద్ద పెద్ద రేసర్లు పుట్టుకొచ్చారు. కనుక ఒక బండి ఇంజను తీసి మరో బండికి పెట్టడం ఈ ఆటకు పుట్టుకతో వచ్చిన అలవాటే. మన దేశంలోనూ మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో వచ్చింది. 2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు జరిగింది. పిల్లలకు మోజు కలగడంలో వింత లేదు.

కార్టుకు షాకబ్జర్లు ఉండవు. గొట్టాల చట్రం కొద్దిగా వంగుతూ ఆ పని చేస్తుంది. నేలకు అంగుళం, అంగుళంన్నర ఎత్తులోనే ఉంటుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభకు నాలుగువైపులా మోకులు కట్టి ఎందుకు పట్టుకుంటారో మనందరికీ తెలుసు. ఎత్తు పెరిగినకొద్దీ ఒరిగే గుణం పెరుగుతుంది. కార్టు అందుకు పూర్తిగా ఎదురు. బరువంతా నేలకు ఆనుకుని ఉంటుంది కనుకనే అంత వేగంగా మలుపు తిరుగుతుంది. మరో సంగతి. మన ఎడ్లబండికి చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. కార్టు వెనక చక్రాలు రెండూ ఇరుసుకే బిగించి ఉంటాయి, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. అందువల్ల మలుపులో లోపలి చక్రం కాస్త పైకి లేవాలి. చట్రం వంగితేనే అది సాధ్యం.

ఈ మాట ఎందుకు చెప్పానంటే, ఇంజను బిగించేటప్పుడు పిల్లలు చేసే మొదటి పని వెల్డింగు. చట్రానికి, ఇంజనుకు మధ్య అడ్డదిడ్డంగా పట్టీలు వేసి బిర్రుగా అతికేస్తారు. చట్రం వంగదు, బండి తిరగదు, కొన్నాళ్లకు అతుకు దగ్గరే పగులు వస్తుంది. దళసరి పలక ఒకటి చేసి, రెండు గొట్టాలకు క్లాంపులతో పట్టించి, దానిమీద ఇంజను కూర్చోబెట్టాలి. క్లాంపు వదులు చేసి ఇంజనును ముందుకు వెనక్కు జరుపుకోగలిగితే చైను బిగువు కూడా అక్కడే సరిచేసుకోవచ్చు.

ఇక ఇంజను ఏది? అసలైన మట్టి రేసు బండ్లు మన దగ్గర అరుదు. 2011లో హీరో ఇంపల్స్, 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చాయి. పాతవాటిలో 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 ఉంది. 98 సి.సి., 11 హార్స్‌పవర్. మన ఊళ్లలో ఇప్పటికీ దాని శబ్దం వింటే తల తిప్పి చూసేవారున్నారు. విదేశాల్లో హోండా సి.ఆర్. 125 అనే మట్టి రేసు బండి ఇంజనుతో ప్రత్యేకంగా గేర్ల కార్టుల పందేలే జరిగాయి.

టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ తేడా ఇక్కడ ముఖ్యం. మోటారు సైకిలు మలుపులో ఒరుగుతుంది కనుక ఇంజనులోని ఆయిలు అడుగునే నిలుస్తుంది. కార్టు ఒరగదు. పళ్లెంలో సాంబారు ఒక పక్కకు పోయినట్టు ఆయిలు ఒక పక్కకు పోతుంది. పంపుకు అందదు. ఫోర్ స్ట్రోక్ ఇంజను అలాగే పట్టేస్తుంది. కనుక దానికి ఆయిలు గదిలో అడ్డుపలకలు పెట్టించాలి. టూ స్ట్రోకుకు పెట్రోలులోనే ఆయిలు కలుస్తుంది కనుక ఈ బాధ తక్కువ. పెట్రోలు సంగతీ అంతే. బైకులో టాంకు పైన ఉంటుంది, పెట్రోలు దానంతటదే దిగుతుంది. కార్టులో టాంకు కాళ్ల మధ్య కింద ఉంటుంది. పంపు లేనిదే కార్బురేటరుకు ఎక్కదు.

పళ్ల లెక్క చెబుతాను. మన బండలాగుడు పోటీల్లో ఎడ్లు నెమ్మదిగా నడుస్తూ ఎంత బరువైనా లాగుతాయి. గేరు పని అదే. వేగం వదులుకుంటే బలం వస్తుంది, బలం వదులుకుంటే వేగం వస్తుంది. మట్టి బండి వెనక చక్రం ఎత్తు దాదాపు 26 అంగుళాలు, కార్టు వెనక చక్రం 11 అంగుళాలు. బైకుకు వెనక 50 పళ్ల చక్రం ఉందనుకోండి. అదే తీసి కార్టుకు పెడితే ఇంజను గింజుకుంటుంది, బండి పాకుతుంది. 50ని 11తో హెచ్చించి 26తో భాగిస్తే 21 చిల్లర వస్తుంది. అంటే 21, 22 పళ్ల చక్రం పెడితే బైకులో ఉన్న పొందికే వస్తుంది. లేతు షాపుకు వెళ్లేముందు పిల్లవాణ్ణి ఈ లెక్క కాగితం మీద వేసి చూపమనండి. వేయలేకపోతే డబ్బు ఇవ్వడానికి తొందరపడకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో-కార్టు నడుపుతున్న ఒక బి.టెక్. విద్యార్థిని తలవెంట్రుకలు చక్రంలో చిక్కుకుని గాయపడి మరణించింది. సరదాగా తిప్పే బండితోనే అంత ఘోరం జరిగింది. మనవాళ్లు కట్టేది రేసు బండి. పైగా మోటారు సైకిలు ఇంజనులకు చాలావాటికి చైను ఎడమవైపు వస్తుంది. ఇంజను కార్టులో కుడివైపు ఉంటుంది. అంటే చైను సరిగ్గా నడిపేవాడి పక్కనే, మోచేతికి జానెడు దూరంలో తిరుగుతుంది. కాబట్టి చైనుకు, ఇరుసుకు గట్టి రేకు కప్పు ఉండి తీరాలి. జుట్టు ముడివేసి హెల్మెట్ లోపల పెట్టాలి. చున్నీ, కండువా, వదులు చొక్కా పనికిరావు.

బ్రేకులు రెండోది. మామూలు కార్టుకు వెనక ఇరుసు మీద ఒక్క డిస్కే ఉంటుంది. గేర్ల ఇంజను పెట్టినప్పుడు ముందు చక్రాలకూ బ్రేకులు ఉండాలి. మూడోది యాక్సిలరేటరు. కాలు తీయగానే వెనక్కు వచ్చే స్ప్రింగులు రెండు ఉండాలి, ఒకటి తెగినా రెండోది పని చేయాలి. నాలుగోది, చేతికి అందే చోట ఇంజను ఆపే స్విచ్. బస్సును షెడ్డు నుంచి బయటికి వదిలేముందు బ్రేకు చూడనిదే మేము సంతకం పెట్టేవాళ్లం కాదు. ఇంట్లో పెద్దవాళ్లూ ఆ సంతకం బాధ్యత తీసుకోవాలి.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కార్టు స్థానం ట్రాకు, లేదా అనుమతి తీసుకుని మూసిన మైదానం. సాగర్ కాలువ కట్ట మీద, మాచర్ల రోడ్డు మీద తెల్లవారుజామున ట్రయల్ చూస్తామంటే ఒప్పుకోవద్దు. 2019లో చేసిన సవరణ ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. పాత ఇంజను కొనేటప్పుడు దాని మీది నంబరు, ఆర్.సి.లోని నంబరు సరిచూడండి. చవకగా వచ్చిందని దొంగబండి ఇంజను కొంటే పోలీసు స్టేషనుకు వెళ్లేది తాతగారే.

ఇవన్నీ విని, వద్దు అనడమే సుఖం అనుకోకండి. నా అభిప్రాయం ఇవ్వమనే. నాలుగేళ్లు పుస్తకాల్లో చదివిన గేరు, బ్రేకు, బలం, బరువు ఒక్క బండి కట్టడంలో చేతికి తెలుస్తాయి. గ్రీజు అంటని ఇంజనీరును నేను గ్యారేజీలో చాలామందిని చూశాను. అయితే డబ్బు ఒకేసారి ఇవ్వకండి. ముందు బ్రేకులకు, హెల్మెట్‌కు, చైను కప్పుకు ఇవ్వండి. అవి తెచ్చి చూపించాక ఇంజనుకు ఇవ్వండి. మన సభ్యుల్లో ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు చాలామంది ఉన్నారు. నరసరావుపేటలోనో, గురజాలలోనో పిల్లలు బండి కడుతుంటే ఒక సాయంత్రం వెళ్లి చూసి రండి. మన పెన్షను ఎంతో వారికి తెలుసు, మన పనితనం ఎంతో కూడా తెలియాలి.